డ్రమ్ కోర్‌లో ఒక వేసవి: వెళ్లడం మేలా, ఆగడం మేలా?

అమెరికాలో హైస్కూలు బ్యాండులో పిల్లలున్న తెలుగు ఇళ్లలో వేసవి గురించిన వాదన చలికాలం రాకముందే మొదలవుతుంది, ఎందుకంటే వేసవంతా ఊరూరా తిరిగి, నడుస్తూ వాయించి పోటీపడే డ్రమ్ కోర్ బృందాల ఆడిషన్లు (ఎంపిక పరీక్షలు), వాటి వెంటే వారాంతపు శిబిరాలు నవంబరు, డిసెంబరు నెలల్లోనే జరుగుతాయి. డాలస్ శివారులో ఉండే మా అక్క ఇంట్లో ఆ వాదన ఈ ఏడు నా దాకా వచ్చింది. పదకొండో తరగతి చదువుతూ ఫ్రెంచ్ హార్న్ వాయించే మేనల్లుడు ఫోను చేసి, "మామయ్యా, మా హార్న్ సెక్షన్‌లో ముగ్గురు డ్రమ్ కోర్‌కు వెళ్తున్నారు, అమ్మకు నువ్వే చెప్పాలి" అన్నాడు. అక్క అడిగినది ఒకటే: ఎండలో ఎనభై రోజులు నడవడం సంగీతం నేర్చుకోవడం ఎలా అవుతుంది? రెండేళ్ల కిందట ఒక బృందం వంట ట్రక్కులో వారం రోజులు స్వచ్ఛందంగా పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసినది ఇద్దరికీ చెప్పాను. ఇక్కడ రాస్తున్నది అదే.

డ్రమ్ కోర్ అంటే పాఠశాల బ్యాండుకు వేసవి కొనసాగింపు కాదు. 1971లో ఏర్పడిన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ పరిధిలో పోటీపడే ఈ బృందాలలో ఇత్తడి వాద్యాలు, తాళవాద్యాలు, జెండాలతో నర్తించే కలర్ గార్డ్ ఉంటాయి. ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోన్ వాయించే వరుసలు ఉండవు. అందువల్ల క్లారినెట్ నేర్చే అమ్మాయికి ఇక్కడ చోటు కావాలంటే ఆమె వాద్యం మార్చుకోవాలి లేదా జెండా పట్టాలి. పెద్ద బృందాలలో సభ్యులు నూట యాభైకి పైగా ఉంటారు, వారి వయసు సాధారణంగా 21 దాటదు. మే నెలలో స్ప్రింగ్ ట్రైనింగ్ అనే ఒకేచోటి సాధన మొదలై, జూన్ చివర నుంచి బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, ఆగస్టు రెండో వారాంతంలో ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరిగే తుది పోటీలతో వేసవి ముగుస్తుంది. పది పన్నెండు నిమిషాల ఒకే ఒక్క ప్రదర్శన కోసం ఇంత కాలమూ ఖర్చవుతుంది.

నేను చూసిన రోజు ఎలా గడిచిందో చెబితే అక్క ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. బృందం తెల్లవారుజామున ఒక హైస్కూలుకు చేరింది, పిల్లలు జిమ్ నేల మీద గాలిపరుపులు పరచుకొని నాలుగైదు గంటలు పడుకున్నారు. ఎనిమిదిన్నరకు అందరూ నీళ్ల డబ్బాలు పట్టుకొని మైదానంలో ఉన్నారు. ప్రతి ఒక్కరి మెడలోనూ డాట్ బుక్ అనే చిన్న పుస్తకం వేలాడుతుంటుంది, ఏ క్షణాన మైదానంలో ఏ గీతకు ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. ఇక్కడ అడుగు అంటే నడకలో వేసే అడుగు: అయిదు గజాలకు సరిగ్గా ఎనిమిది, అంటే ఒక్కోటి 22.5 అంగుళాలు. స్పీకరులో లయ కొట్టే మెట్రోనోమ్ మోగుతుండగా పదహారు లెక్కల ఒక్క కదలికను, వాయిస్తూ ఒకసారి, నోటితో పాడుతూ ఒకసారి, ఏమీ వాయించకుండా నడుస్తూ ఒకసారి, అలా నలభై నిమిషాల సేపు చేశారు. పై మెట్ల మీద నుంచి బోధకుడు "రీసెట్" (మళ్లీ మొదటి చోటికి) అన్నప్పుడల్లా ఎవరూ విసుక్కోకుండా పరుగున వెనక్కి వెళ్లేవారు. మధ్యాహ్నం ఎండలో ఒక ట్యూబా కుర్రవాడు భుజం మీద వాద్యం దించి, తువాలు మడిచి భుజానికి వేసుకొని, మళ్లీ ఎత్తుకున్నాడు. రోజుకు నాలుగు పూటలు వండేవాళ్లం, నాలుగో పూట రాత్రి పదకొండు దాటాక.

ఈ శిక్షణలో దొరికేది చిన్నదేమీ కాదు. లయ శరీరంలోకి ఇంకడం, పక్కవాడి శ్రుతిని పరుగులో కూడా వినగలగడం, బోధకుడు తప్పు చెప్పినప్పుడు ముఖం మాడ్చుకోకుండా దిద్దుకోవడం, ఇవన్నీ వారానికి ఒక గంట పాఠంలో అలవడేవి కావు. మైదానం ముందు వరుసలో నిలబడి మారింబా, వైబ్రఫోన్ అనే పలకల తాళవాద్యాలు వాయించేవారికి లాభం ఇంకా ఎక్కువ. నాలుగు కర్రలతో వారు చేసే సాధకం కళాశాల ఆడిషన్లకు నేరుగా పనికొస్తుంది. అయితే దొరకనిది కూడా అంతే స్పష్టం. ఎనభై రోజులూ అదే సంగీతం, కొత్త రచన చూసి వాయించే అవకాశం తక్కువ, స్టేడియం చివరి వరుసకు వినబడే బిగ్గరతనమే నిత్యావసరం. పోటీ తీర్పులో ప్రదర్శన మొత్తం ప్రభావానికి 40 మార్కులు, దృశ్యానికి 30, సంగీతానికి 30 ఉంటాయంటేనే అది దేనికి పెద్దపీట వేస్తుందో అర్థమవుతుంది. చెవులకు ప్లగ్గులు లేకుండా డ్రమ్ వరుస పక్కన నిలబడటం ఎవరికీ మంచిది కాదు. ఆ విషయంలో పిల్లల మాట వినవద్దు.

మేనల్లుడి విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఫ్రెంచ్ హార్న్ వాయించేవారికి డ్రమ్ కోర్‌లో సాధారణంగా దక్కేది మెలోఫోన్ అనే మరో ఇత్తడి వాద్యం. హార్న్ మీటలు ఎడమ చేత్తో నొక్కుతారు, దాని గంట, అంటే శబ్దం బయటికి వచ్చే వెడల్పాటి మూతి, వెనక్కి తిరిగి ఉంటుంది, కుడి చెయ్యి గంటలో ఉండి స్వరాన్ని మెత్తబరుస్తుంది. మెలోఫోన్‌కు మీటలు కుడి చేతివి, గంట ముందుకు చూస్తుంది, పెదవులు ఆనించే మౌత్‌పీస్ కూడా చాలావరకు వేరు. మూడు నెలలు దాన్ని గట్టిగా ఊది వచ్చిన విద్యార్థికి హార్న్ మౌత్‌పీస్ సన్నని అంచు మీద పెదవుల పట్టు మళ్లీ కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. ట్రంపెట్ వాయించేవాడికి ఇంత ఇబ్బంది లేదు.

రెండో దారి సంగీత శిబిరం. మిచిగన్‌లో 1928లో మొదలైన ఇంటర్‌లాకెన్ దీనికి పాత ఉదాహరణ. అడవిలో, చెరువుల మధ్య కొన్ని వారాలు ఉండి, ఆర్కెస్ట్రాలోను చిన్న బృందాలలోను రకరకాల రచనలు వాయిస్తారు, తమకంటే బాగా వాయించేవారి పక్కన కూర్చుంటారు. హార్న్ విద్యార్థికి తన వాద్యం తన చేతిలోనే ఉంటుంది, ఆర్కెస్ట్రాలో హార్న్‌కు ఉండే అసలు పని అంటే ఏమిటో తెలుస్తుంది. పెద్ద శిబిరాలలో ఆరు వారాలకు అయ్యే ఖర్చు డ్రమ్ కోర్ రుసుమును మించిపోతుందన్నది నిజమే కాని, ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకునే వీలు ఉంటుంది, మూడు వారాలకు వెళ్లినా మిగతా వేసవి చేతిలో మిగులుతుంది.

మూడోది ఇంట్లో ఉండి గురువు దగ్గర నేర్చుకోవడం. టెక్సస్‌లో రాష్ట్రస్థాయి బ్యాండుకు ఎంపిక చేసే ఆల్ స్టేట్ పోటీకి వాయించవలసిన ఎట్యూడ్లు (సాధన రచనలు) వేసవిలోనే ప్రకటిస్తారు, పిల్లలు ఆ రోజు నుంచే వాటి మీద కూర్చుంటారు. వారానికి రెండు పాఠాలు, రోజుకు మూడు గంటల సాధకం, అంతకు మించి ఖర్చు లేదు. కాని పదిహేడేళ్ల కుర్రవాడు జూన్, జూలై నెలల్లో ఎవరూ అడగకుండా మూడు గంటలు కూర్చుంటాడా అన్నది తల్లికి తెలిసినంతగా నాకు తెలియదు. మృదంగం కూడా నేర్చుకునే పిల్లలైతే ఆ వేసవిలో విజయవాడకో చెన్నైకో వెళ్లడం మంచి ఆలోచన. కచేరీల సీజను డిసెంబరులో కనుక అప్పుడు గురువులకు తీరిక ఉంటుంది. మా వాడికి ఆ విద్య లేదు, కాబట్టి ఆ దారి వదిలేశాం.

డబ్బు సంగతి దాచడం అనవసరం. పెద్ద డ్రమ్ కోర్ బృందాలలో రుసుము ఇటీవల నాలుగు వేల డాలర్లు దాటి, అయిదు వేలు ఆపైన నడుస్తోంది. బృందం వారాంతపు శిబిరాలకు విమాన టికెట్లు, బూట్లు వేరే. పైగా బృందం నిలబడుతుందన్న హామీ లేదు. మేటి బృందమైన శాంటా క్లారా వాన్‌గార్డ్ డబ్బు ఇబ్బందులతో 2023లో మైదానంలోకి దిగలేదు, మళ్లీ 2024లో వచ్చింది. 1934లో పుట్టిన ద క్యాడెట్స్ 2024లో పూర్తిగా మూతపడింది. కట్టిన సొమ్ము ఏ తేదీ తర్వాత తిరిగి రాదు, వైద్య సహాయకులు ఎవరు, పిల్లలతో పెద్దల ప్రవర్తనకు నియమావళి ఏమిటి, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగాలి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే బృందమైతే అక్కడికి పంపనక్కరలేదు.

ఇవన్నీ తూచాక నాకు తోచినది ఇది: ప్రశ్న వెళ్లాలా వద్దా అన్నది కాదు, ఏ వేసవి వెళ్లాలన్నది. వాద్యాన్నే కళాశాల చదువుగా తీసుకోదలచిన విద్యార్థికి పన్నెండో తరగతికి ముందటి వేసవి అన్నింటిలోకీ చెడ్డ సమయం. మంచి సంగీత కళాశాలలు ఆడిషన్‌కు పిలిచే ముందు అడిగే ప్రీస్క్రీన్ రికార్డింగులకు గడువు చాలావరకు డిసెంబరు మొదటి రోజుల్లో ఉంటుంది, ఆడిషన్లు జనవరి నుంచి మార్చి దాకా. ఆగస్టు మధ్యలో అలసిన పెదవులతో ఇల్లు చేరినవాడికి మిగిలేది మూడున్నర నెలలే. అందులోనే పాఠశాల మార్చింగ్ సీజను, ఆల్ స్టేట్ పోటీ. ఆపైన టెక్సస్ పాఠశాల బ్యాండ్ల సాధన ఆగస్టు మొదట్లోనే మొదలవుతుంది, కనుక సెక్షన్ లీడరు కావాలనుకున్నవాడు తుది పోటీలకూ పాఠశాలకూ మధ్య నలుగుతాడు. బ్యాండు డైరెక్టరుగా స్థిరపడాలనుకునేవారికి మాత్రం లెక్క వేరు. వందమందిని ఎలా నిలబెట్టాలో, ఎలా వినిపించాలో రోజూ దగ్గర నుంచి చూసే అవకాశం మరెక్కడా ఇంతగా దొరకదు. ఇంజనీరింగ్‌కు వెళ్లిపోయే మన పిల్లల్లో చాలామందికి కూడా పన్నెండు ముగిసిన వేసవి బాగా సరిపోతుంది, పోగొట్టుకునే ఆడిషన్ ఏదీ ఉండదు గనుక.

ఈసారికి ఆగమని అక్కకు చెప్పినప్పుడు ఆమె మొదట ఊరట పడింది, తరువాత "అంటే ఎప్పటికైనా పంపాలంటావు" అంది. పంపాలనే అన్నాను. వాడు సెప్టెంబరులో పుట్టాడు. ఇరవై రెండో పుట్టినరోజు జూన్ ఒకటి దాటాక వస్తే ఆ వేసవి కూడా మైదానంలో దిగవచ్చు. వచ్చే వేసవిని వదిలేసినా వాడికి ఇంకా నాలుగు వేసవులు ఉన్నాయి. మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, మూడు వారాల సంగీత శిబిరానికి రికార్డింగు ఎప్పటిలోగా పంపాలో కనుక్కోమని అడిగి, పాఠశాల స్నేహితుల ఆడిషన్ వీడియోలు తీయడానికి వెళ్లిపోయాడు.