స్విట్జర్లాండ్‌లో నాలుగు రోజులు రైలు మీద: లూసర్నా, ఇంటర్‌లాకెనా? పాసా, కార్డా?

జర్మనీలో ఉంటున్న నాకు తెలిసినవాళ్ల నుంచి వేసవి వచ్చిందంటే చాలు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అమ్మానాన్నలు వస్తున్నారు, నాలుగు రోజులు స్విట్జర్లాండ్ చూపిద్దామనుకుంటున్నాం. స్విస్ ట్రావెల్ పాస్ కొనేయమంటావా?" అని. నేను జవాబు చెప్పకుండా తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతాను: "బస ఏ ఊళ్లో?" ఇంకా అనుకోలేదంటారు చాలామంది. ఆ పాస్ అంటే కొన్ని రోజుల పాటు రైళ్లకూ బస్సులకూ పడవలకూ పనికొచ్చే ఒకే టికెట్. ముందు దాన్ని కొని, ఆ తర్వాత పాస్ వృథా కాకూడదని రోజూ ఊళ్లు తిరిగి, చివరికి రైలు కిటికీలోంచి తప్ప దేన్నీ నిలబడి చూడనివాళ్లను నేను చూశాను. ఊరు తేలితే కొండ తేలుతుంది, కొండ తేలితే టికెట్ తేలుతుంది. ఈ వరస తిరగబడితే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది.

నేను రెండు రకాలుగానూ వెళ్లాను. మొదటిసారి స్నేహితులతో ఇంటర్‌లాకెన్‌లో మకాం. రెండోసారి అమ్మానాన్నలతో లూసర్న్‌లో. నాన్న రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒకే దేశం, ఒకే రైళ్లు, కానీ రెండు ప్రయాణాలకూ పోలికే లేదు.

లూసర్న్‌లో అమ్మకు నచ్చిన మొదటి విషయం, రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా సరస్సు, పడవల రేవు. మధ్యలో రోడ్డు దాటితే చాలు. చెక్కతో కట్టిన పాత చాపెల్ బ్రిడ్జి కూడా నడిచేంత దూరమే. జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, అక్కడి నుంచి లూసర్న్‌కు నేరుగా గంట పైచిలుకు ప్రయాణం. హైదరాబాద్ నుంచి రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన పెద్దవాళ్లను ఇంకా రెండు మూడు గంటలు తిప్పకుండా మంచం మీదికి చేర్చవచ్చు. అదే ఇంటర్‌లాకెన్ అయితే సాధారణంగా బెర్న్‌లో రైలు మారాలి, రెండు గంటల పైన పడుతుంది.

మరి ఇంటర్‌లాకెన్ ఎందుకు? మంచు కోసం. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు ఆ వైపే ఉన్నాయి. లౌటర్‌బ్రునెన్ లోయలో 297 మీటర్ల ఎత్తు నుంచి స్టౌబాక్ జలపాతం ఊరి మీదికే దూకుతున్నట్టు ఉంటుంది. మన సినిమాల పాటల్లో చూసి చూసి కళ్లకు అలవాటైన పచ్చిక, చెక్క ఇళ్లు, వెనకాల తెల్లటి కొండ, ఇవన్నీ ఒక్క చోట కావాలంటే అదే చోటు. యష్ చోప్రా విగ్రహాన్ని కూడా ఇంటర్‌లాకెన్‌లోనే పెట్టారు. లూసర్న్ చుట్టూ కొండలున్నాయి గానీ వేసవిలో కాళ్ల కింద మంచు కావాలంటే టిట్లిస్ అనే కొండ దాకా వెళ్లాలి.

ఇప్పుడు కొండల సంగతి. ఇక్కడే అసలు తేడా ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఇంటర్‌లాకెన్ వైపు కొండ మీది యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ 3454 మీటర్ల ఎత్తులో ఉంది, యూరప్‌లో అంతకంటే ఎత్తయిన రైల్వే స్టేషన్ లేదు. 1896లో మొదలుపెట్టి 1912లో పూర్తి చేశారు. ఐగర్ కొండ కడుపులోంచి సొరంగం తొలిచి రైలు నడుపుతున్నారు. 2020 డిసెంబర్ నుంచి గ్రిండెల్‌వాల్డ్‌లో ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కేబుల్ కారు వచ్చింది, అది పావుగంటలో ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కు చేరుస్తుంది, అక్కడ సొరంగం రైలు ఎక్కవచ్చు. పైకి కేబుల్ కారులో వెళ్లి, దిగేటప్పుడు క్లైనె షైడెగ్, వెంగెన్ మీదుగా పాత రైలు దారిలో రండి. దిగేది మెల్లగా అయినా ఆ దారిలో కిటికీ పక్కన సీటు వదలాలనిపించదు. పైన అలెచ్ హిమానీనదం కళ్ల ముందు పరుచుకుని ఉంటుంది. ఆల్ప్స్‌లో అన్నిటికంటే పెద్దది అదే.

కానీ ఇంటర్‌లాకెన్ ఉన్నది 570 మీటర్లలోపు ఎత్తులో. అక్కడి నుంచి కొద్ది గంటల్లోనే 3454 మీటర్లకు చేరతాం. మా స్నేహితుల్లో ముప్పై ఏళ్ల కుర్రాడికే తల తిరిగి, కాసేపు కూర్చోబెట్టాల్సి వచ్చింది. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లయితే బయల్దేరే ముందే వాళ్ల డాక్టర్‌ను అడగండి. అమ్మ విషయంలో మేం అడిగాం, అంత ఎత్తు వద్దన్నారు. మేం లూసర్న్ వైపు మొగ్గడానికి అసలు కారణం అదే.

లూసర్న్ దగ్గరి రిగి కొండ ఎత్తు 1798 మీటర్లే. తక్కువ ఎత్తు అని తీసిపారేయకండి. 1871లో విట్స్‌నౌ నుంచి రిగి మీదికి వేసిన పళ్ల పట్టాల రైలు యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు. పట్టాల మధ్య నిచ్చెన లాంటి మూడో పట్టా ఉంటుంది, ఇంజన్ కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. దాన్ని కనిపెట్టిన నిక్లౌస్ రిగెన్‌బాఖ్ 1882లో మన నీలగిరికి కూడా వచ్చి కొండ రైలుకు అంచనాలు వేశాడు. చివరికి ఊటీ లైనుకు వాడింది మరో స్విస్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ పద్ధతి. నాన్న రిగిలో రైలు దిగి, పట్టాల దగ్గర వంగి చూసి, "మేట్టుపాళయంలో చూశానురా దీన్ని!" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు టికెట్ డబ్బులు వచ్చేసినట్టనిపించింది.

రిగికి వెళ్లే దారి కూడా పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. లూసర్న్ రేవులో పడవ ఎక్కి విట్స్‌నౌలో దిగితే ఎదురుగానే ఎర్ర కొండ రైలు. దిగేటప్పుడు రెండో వైపు నీలం రైల్లో ఆర్ట్-గోల్డౌకు వచ్చి, అక్కడ మామూలు రైలు పట్టుకుంటే మళ్లీ లూసర్న్. వెళ్లిన దారి వేరు, వచ్చిన దారి వేరు. మెట్లు దాదాపు లేవు. పిలాటస్ కూడా లూసర్న్ పక్కనే, 1889 నాటి దాని రైలు 48 శాతం వాలు ఎక్కుతుంది, ప్రపంచంలో అంత ఏటవాలు పళ్ల పట్టాల రైలు ఇంకోటి లేదు. చూడదగ్గదే, కానీ దాని టికెట్ పాస్‌లో పూర్తిగా రాదు, సగం కట్టాలి.

ఇక డబ్బు లెక్క. నేను చెప్పేవి మేం వెళ్లిన 2025 నాటి రెండో తరగతి ధరలు. ఏటా మారుతుంటాయి కాబట్టి కొనే రోజున మళ్లీ చూసుకోండి. స్విస్ ట్రావెల్ పాస్ వరుసగా 3 రోజులకు 244 ఫ్రాంకులు, 4 రోజులకు 295, 6 రోజులకు 379. అది ఉంటే రైళ్లు, బస్సులు, సరస్సుల మీద పడవలు, ఊళ్లలో ట్రాములు, చాలా మ్యూజియాలు, రిగి, ష్టాన్సర్‌హార్న్, ష్టోస్ కొండలు ఉచితం. రెండోది స్విస్ హాఫ్ ఫేర్ కార్డ్, 120 ఫ్రాంకులు, నెల రోజులు పనిచేస్తుంది, దాదాపు ప్రతి టికెట్టూ సగం ధరకు ఇస్తారు. రెండూ స్విట్జర్లాండ్ బయట ఉండేవాళ్లకే, కాబట్టి జర్మనీలో ఉండే మనవాళ్లూ కొనుక్కోవచ్చు.

ఏది లాభమో తేల్చడానికి ఒక చిన్న లెక్క చాలు. 295 లోంచి 120 తీసేస్తే 175. అంటే నాలుగు రోజుల్లో మీరు తిరిగే టికెట్ల సగం ధరలు కలిపి 175 దాటితే పాస్ లాభం, దాటకపోతే కార్డు లాభం. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే పూర్తి ధర టికెట్లు కలిపి 350 ఫ్రాంకులు. మూడు రోజులకైతే ఆ గీత 248, ఆరు రోజులకు 518. స్విస్ రైల్వే యాప్‌లో మీరు వెళ్లబోయే ఒక్కో ప్రయాణం కొట్టి పూర్తి ధరలు కాగితం మీద కూడండి. పావుగంట పని.

ఆ కూడికలో యుంగ్‌ఫ్రౌయోఖ్ ఉందా లేదా అన్నది మాత్రం విడిగా చూడాలి, ఎందుకంటే దాని దగ్గర పాస్ లెక్క వేరు. పాస్ గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకానే పూర్తిగా చెల్లుతుంది, ఆ పైన 25 శాతమే తగ్గింపు. హాఫ్ ఫేర్ కార్డు ఉంటే అక్కడా సగమే. ఇంటర్‌లాకెన్ నుంచి పైకి వెళ్లి రావడానికి వేసవిలో పూర్తి ధర 200 ఫ్రాంకులు దాటుతుంది. అంటే ఆ ఒక్క రోజులోనే కార్డు వందకు పైగా మిగులుస్తుంది, పెట్టిన 120 దాదాపు వచ్చేసినట్టే. అంత ఖరీదు పెట్టి పాస్ కొన్నవాళ్లు మళ్లీ యుంగ్‌ఫ్రౌకు విడిగా బోలెడు కట్టాలని స్టేషన్లో తెలుసుకుని నీరుగారిపోవడం చూస్తే బాధేస్తుంది. అందుకే ఇంటర్‌లాకెన్‌లో బస, యుంగ్‌ఫ్రౌయోఖ్ ఖాయం అనుకుంటే నా మాట కార్డు వైపే. లూసర్న్‌లో బస, రిగి, పడవలు, రోజూ ఏదో ఒక రైలు అనుకుంటే పాస్.

లూసర్న్‌లో మా నాలుగు రోజుల లెక్క చివర్లో వేసి చూస్తే పాస్‌కూ కార్డుకూ తేడా పెద్దగా రాలేదు. అయినా పాస్ కొన్నందుకు సంతోషమే. అమ్మ అలిసిపోతే రెండు బస్ స్టాపులకైనా బస్సెక్కేశాం. వాన వస్తే పడవలోకి దూరాం. ప్రతిసారీ టికెట్ మిషన్ ముందు నిలబడి "ఎంతవుతుందిరా? రూపాయల్లో చెప్పు" అనే టెన్షన్ లేకుండా పోయింది. రూపాయల్లోకి మార్చి చూడటం మొదలుపెడితే మన పెద్దవాళ్లు టీ కూడా తాగరు.

తేదీలు ముందే ఖాయమైనవాళ్లకు మూడో దారి ఒకటుంది, సేవర్ డే పాస్. ఒక్క రోజంతా దేశంలో తిరగడానికి, హాఫ్ ఫేర్ కార్డు ఉన్నవాళ్లకు 29 ఫ్రాంకుల నుంచి, లేనివాళ్లకు 52 నుంచి. చాలా ముందుగా కొంటేనే ఆ ధర, రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. కార్డుతో నాలుగు రోజులూ 29కే దొరికితే మొత్తం 236, పాస్ కంటే 59 తక్కువ. కానీ ఏ తేదీకి కొంటే ఆ తేదీకే, వానొచ్చినా మార్చుకోలేం. కొండల దగ్గర వాతావరణం మన చేతిలో ఉండదు కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను దీన్ని చెప్పను. ఒంటరిగా తిరిగే విద్యార్థులకు చెబుతాను. పిల్లలున్నవాళ్లు స్విస్ ఫ్యామిలీ కార్డ్ అడగడం మర్చిపోకండి, పాస్ కొన్నా, హాఫ్ ఫేర్ కార్డు కొన్నా ఉచితంగా ఇస్తారు. దానితో 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు తల్లి లేదా తండ్రి వెంట టికెట్ లేకుండా వెళ్లవచ్చు.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలని అందరికీ ఉంటుంది. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కు 291 వంతెనలు, 91 సొరంగాలు దాటి దాదాపు 8 గంటలు సాగే ప్రయాణం. గొప్ప రైలే. కానీ నాలుగు రోజుల్లో ఒక పగలంతా దానికే పోతుంది, అటు ఇటు చివరలకు చేరడానికి ఇంకో పూట పోతుంది, పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి. వారం పైన ఉండేవాళ్లకు వదిలేయండి. దాని బదులు లూసర్న్-ఇంటర్‌లాకెన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. రెండు గంటలలోపు ప్రయాణం, బ్ర్యూనిగ్ కనుమ దగ్గర పళ్ల పట్టాల మీద కొండెక్కి దిగుతుంది, దారి పొడవునా ఆకుపచ్చ సరస్సులు. రిజర్వేషన్ తప్పనిసరి కాదు. అరకు లైనులో కిటికీకి ముఖం ఆనించి కూర్చునే అలవాటున్న అమ్మ ఈ రైల్లో ఒక్క కునుకు కూడా తీయలేదు. మేం లూసర్న్‌లోనే ఉండి, ఒకరోజు ఈ రైల్లో ఇంటర్‌లాకెన్ వెళ్లి, లౌటర్‌బ్రునెన్ జలపాతం చూసి, సాయంత్రానికి తిరిగొచ్చాం. రెండు ఊళ్లలో రెండేసి రాత్రులు ఉందామని ముందు అనుకున్నాం. సూట్‌కేసులు మోసుకుని హోటల్ మారే ఆ సగం రోజు మిగిలినందుకు ఇప్పటికీ తృప్తిగా ఉంది.

ఇంటర్‌లాకెన్‌లో ఉండేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఆ ఊళ్లో రెండు స్టేషన్లున్నాయి, వెస్ట్, ఓస్ట్ అని. కొండల వైపు రైళ్లు బయల్దేరేది ఓస్ట్ నుంచి, గది ఆ దగ్గర్లో తీసుకోండి. రెండోది, అక్కడి నుంచి బయల్దేరే రైలు త్స్వైల్యూట్షినెన్ అనే చిన్న స్టేషన్లో రెండుగా విడిపోతుంది, సగం లౌటర్‌బ్రునెన్‌కు, సగం గ్రిండెల్‌వాల్డ్‌కు. పెట్టె మీద ఊరి పేరు చూసి ఎక్కండి. మేం తప్పు సగంలో కూర్చున్నాం. నాన్న బోర్డు చదివి, విడిపోయే ముందు మమ్మల్ని దింపి ముందు పెట్టెలోకి మార్పించారు.

తిండికి రెండు చోట్లా ఇబ్బంది లేదు, భారతీయ హోటళ్లు ఉన్నాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే కూప్, మిగ్రోస్ దుకాణాల్లో పెరుగు, బియ్యం, కూరగాయలు దొరుకుతాయి. అమ్మ రోజూ పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టేది. వీధి ఫౌంటెన్లలో నీళ్లు, తాగకూడదని బోర్డు లేకపోతే, నిక్షేపంగా తాగవచ్చు.

కొండ టికెట్ మాత్రం ఏ ఊళ్లో ఉన్నా ఇంటి నుంచే ముందుగా కొనేయకండి. శిఖరాల మీద కెమెరాలున్నాయి, పొద్దున లేచి ఫోన్లో చూడండి. తెల్లగా మబ్బు తప్ప ఏమీ కనపడకపోతే ఆ రోజు పడవకు వెళ్లండి, ఆకాశం విప్పిన రోజున కొండకు వెళ్లండి. స్నేహితులతో వెళ్లినప్పుడు మేం మూడో రోజు దాకా ఆగాం. ఆ రోజు ఆరున్నరకే ఓస్ట్ స్టేషన్లో ఉన్నాం.