బడ్డీ బెంచీ: బల్ల బాగుంది, బల్ల ఒక్కటే చాలదు

ఆటల విరామంలో జట్టు దొరకని పిల్లలు వచ్చి కూర్చుంటే, ఆడుకుంటున్నవాళ్లు చూసి పిలుచుకుపోవడానికి బడి ఆవరణలో వేసే రంగుల బల్ల ఇది. 2013లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ప్రాథమిక పాఠశాల దీన్ని పెట్టాక వార్తల్లోకెక్కింది.

వస్తువుగా వంక పెట్టేదేమీ లేదు. ముగ్గురు పట్టే పొడవు, గుండ్రటి అంచులు, నేలకు బిగించే బోల్టులు ఉంటే చాలు. ఒక్కరే పట్టేది మాత్రం వద్దు, పిలవడానికి వచ్చినవాళ్లకు కూర్చునే చోటుండాలి.

చిక్కంతా వాడకంలోనే. మూలన వేస్తే అక్కడ కూర్చోవడం శిక్షలా అనిపిస్తుంది, నట్టనడుమ వేస్తే అందరి కళ్లూ ఆ బిడ్డ మీదే. ఆట సాగే చోటికి ఓ పక్కగా, టీచరుకు కనబడేలా వేయాలి. మొదటి వారం తరగతిలో నటించి చూపించాలి: దగ్గరికెళ్లి పేరు పెట్టి పిలిచి, "మాకొకరు తక్కువయ్యారు, వస్తావా?" అనాలి. "ఎందుకు ఒక్కదానివే కూర్చున్నావ్?" అంటే ఆ పాప తన అవమానాన్ని తనే వివరించుకోవాల్సి వస్తుంది. "వద్దు, ఊరికే కూర్చున్నా" అనే హక్కు కూడా ఆ పాపకు నేర్పాలి.

వారానికి ఇద్దరు పిల్లలకు పిలిచే వంతు వేయండి. రెండు నిమిషాల్లో ఎవరూ రాకపోతే టీచరే కదలాలి. అయితే "వీణ్ని చేర్చుకోండి" అని ఆజ్ఞాపిస్తే టీచరు అటు తిరగగానే వదిలేస్తారు. ఇద్దరు కలిసి చేసే పని ఏదైనా అప్పగించడం నయం.

అయిదు నుంచి తొమ్మిదేళ్లవాళ్లకే ఇది పనికొస్తుంది. పదేళ్లు దాటితే ఆ బల్ల మీద కూర్చోవడమే నామోషీ. వాళ్లకు చెస్ క్లబ్బో, లైబ్రరీ పనో నయం.

జట్టు నాయకురాలు పనిగట్టుకుని వెలివేసిన పాపకు బల్ల ఏమీ చేయలేదు. అది వేధింపు. పెద్దలు మాట్లాడాల్సింది ఆ జట్టుతో. ఒకే బిడ్డ వారంలో మూడుసార్లు అక్కడ కనిపిస్తే ఏ రోజు, ఏ ఆట, అంతకుముందు ఎవరితో ఉన్నాడో టీచరు రాసుకోవాలి. మా దృష్టిలో బల్ల వల్ల అసలు లాభం ఈ లెక్కే.

తల్లిదండ్రులు రోజూ "ఇవాళ బెంచీ మీద కూర్చున్నావా?" అని అడగకండి. "ఎవరితో ఏం ఆడావు?" అనండి. ఆ జవాబులో తరచూ వినిపించే పేరుంటే, ఆ ఒక్క బిడ్డనే గంటో గంటన్నరో ఇంటికి పిలిచి, ఇద్దరూ కలిసి చేసే పని ముందే సిద్ధం చేయండి.

విరామంలో టీచరు నిలబడని బడి దీన్ని కొనడం దండగ.