గ్రో టెంటుకు కొన్న కంప్రెసర్ డీహ్యూమిడిఫయర్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న గ్రో టెంటులో (దీపం కింద మొక్కలు పెంచే మూసిన గుడారంలో) 240 వాట్ల ఎల్‌ఈడీ దీపం కింద నాలుగు టమాటా మొక్కలు, రెండు క్యాప్సికం మొక్కలు పెంచుతున్నాను. వాటి కోసం కొన్న డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలోని తేమను తీసే యంత్రం గురించి ఈ సమీక్ష. రోజుకు 12 లీటర్ల నీటిని తీస్తుందని అట్టపెట్టె మీద రాసి ఉన్న కంప్రెసర్ రకం యంత్రమిది, ఫ్రిజ్‌లా గాలిని చల్లబరచి ఆవిరిని నీరుగా మారుస్తుంది. రెండు లీటర్ల ట్యాంకు, వెనుక గొట్టం తగిలించుకునే రంధ్రం, పైన తాకితే పనిచేసే డిజిటల్ ప్యానెల్ ఉన్నాయి. ఎనిమిది నెలలు వాడాక నా అభిప్రాయం ఇది: గాలిలోంచి నీటిని లాగే పనిలో దీన్ని పూర్తిగా నమ్మవచ్చు, తేమ ఎంత ఉందో చెప్పే పనిలోనూ, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్ళీ మొదలయ్యే విషయంలోనూ నమ్మడానికి వీల్లేదు.

దీన్ని కొనవలసి రావడానికి కారణం అంతకు ముందు పంటలో వచ్చిన బూజు. ఒక ఉదయం టెంటు జిప్పు తీసేసరికి ఆకుల అంచుల వెంట నీటి చుక్కలు పూసల్లా వరుసగా నిలిచి ఉన్నాయి. మట్టి తడిగా ఉండి, రాత్రి గాలి తేమతో నిండిపోయి ఆకులు ఆవిరిని వదలలేనప్పుడు, వేళ్ళు పైకి నెట్టిన నీరు ఆకు అంచుల్లోని సన్నని రంధ్రాల గుండా ఇలా చుక్కలుగా బయటికి వస్తుంది. ఆ సూచనను నేను పట్టించుకోలేదు. పది రోజులు తిరిగేసరికి ఒక పిందెకు అతుక్కుని ఎండిన పూరేకుల మీద బూడిదరంగు మఖమలు లాంటి పొర కనిపించింది. వేలితో తాకితే సన్నని పొగలా లేచింది. అది బొట్రైటిస్ అనే శిలీంధ్రం. వాడిన పూరేకులు, కత్తిరించిన కొమ్మల చివళ్ళు వంటి నిర్జీవ భాగాల మీద మొదలై, గాలి గంటల తరబడి తేమతో నిండి మొక్క తడిగా ఉంటే పచ్చని భాగాలకు పాకుతుంది. ఆ విడతలో రెండు మొక్కలను వేళ్ళతో సహా తీసెయ్యవలసి వచ్చింది.

టెంటులో తేమ అంత త్వరగా ఎందుకు పెరుగుతుందో లెక్క వేస్తే, ఎలాంటి యంత్రం కావాలో కూడా తెలిసిపోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 23 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. నా టెంటులో ఉన్న గాలి 2.9 ఘనపు మీటర్లు కనుక, అది పూర్తిగా నిండినా అందులో ఉండే నీరు 67 గ్రాములు, అంటే నాలుగు పెద్ద చెంచాలకు కాస్త ఎక్కువ. మరోవైపు, ఎదిగిన మొక్కలకు నేను రోజుకు మూడు లీటర్ల నీరు పోస్తాను. మొక్క వేళ్ళతో పీల్చిన నీటిలో తన శరీరంలో నిలుపుకునేది చాలా కొద్ది భాగం. మిగతాదంతా ఆకుల గుండా ఆవిరై గాలిలో కలుస్తుంది. దీపం వెలిగే పదహారు గంటలకు పంచితే అది గంటకు 170 గ్రాములకు పైగా అవుతుంది. కాబట్టి 60 శాతం తేమతో (అంటే గాలి పట్టుకోగలిగిన ఆవిరిలో 60 శాతంతో) ఉన్న టెంటును మూసి ఫ్యాన్లు ఆపేస్తే, గాలి నిండిపోవడానికి పది నిమిషాలు చాలు. యంత్రం ఎంత పెద్దది కావాలో టెంటు కొలతలు చూసి నిర్ణయించుకుంటే పొరబడతాము. రోజుకు ఎంత నీరు పోస్తున్నామో కొలిచి చూసుకోవాలి.

నేను మొదట కొన్నది చిన్న పెల్టియర్ రకం యంత్రం, అంటే కంప్రెసర్ లేకుండా, కరెంటు పారితే ఒక వైపు చల్లబడే పలకతో పనిచేసేది. చప్పుడు లేదు, బరువు లేదు, కానీ రోజంతా 65 వాట్ల కరెంటు తీసుకుంటూ పావు లీటరు నీటిని మాత్రమే తీసేది. లీటరుకు ఆరు యూనిట్లకు పైగా ఖర్చయ్యే ఆ పద్ధతి బీరువాకో, పుస్తకాల అరకో సరిపోతుందేమో గాని, ఆకులు దట్టంగా పెరిగిన టెంటుకు దాన్ని ఎవరికీ సిఫారసు చేయలేను. సిలికా జెల్ పొట్లాల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక కంప్రెసర్ యంత్రం విషయానికి వస్తే, పెట్టె మీది 12 లీటర్ల అంకె అబద్ధం కాదు గాని, అది 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలికి వర్తించే అంకె అని పక్కనే చిన్న అక్షరాల్లో ఉంది. మనం మొక్కలను ఆ వాతావరణంలో ఉంచము కదా. గది 24 డిగ్రీల దగ్గర, తేమ 55 నుంచి 60 శాతం మధ్య ఉన్నప్పుడు పది రోజుల పాటు ట్యాంకులోని నీటిని కొలజాడీలో పోసి చూశాను. యంత్రం ఆగకుండా నడిచిన గంటకు సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే రోజుకు ఐదు లీటర్లకు కొద్దిగా తక్కువ వస్తోంది. మీటరు మీద 190 వాట్లు చూపిస్తోంది కాబట్టి లీటరుకు ఒక యూనిట్ లోపే పడుతోంది. నా మూడు లీటర్ల అవసరానికి ఇది సరిపోతుంది. కొనేవారు పెట్టె మీది అంకెలో సగం కంటే తక్కువే చేతికి వస్తుందని లెక్క వేసుకుంటే నిరాశ ఉండదు.

యంత్రాన్ని టెంటు లోపల పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మొదటి వారం నేను అలాగే పెట్టాను. తేమ తగ్గింది గాని వేడి 31 డిగ్రీలకు చేరి లేత ఆకులు ముడుచుకున్నాయి. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని బయటికి వదులుతుంది. లీటరుకు అది దాదాపు 0.68 యూనిట్లు. గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున అది 136 వాట్లు, దానికి యంత్రం తినే 190 వాట్లు కలిపితే 325 వాట్లకు పైగా. నా దీపం ఇచ్చే వేడి కంటే అది ఎక్కువ. ఇప్పుడు యంత్రాన్ని గదిలో, టెంటు కింది వైపు గాలి లోపలికి వెళ్ళే కిటికీకి రెండడుగుల దూరంలో ఉంచాను. గది గాలి ఆరుతుంది, ఆ ఆరిన గాలిని టెంటు పీల్చుకుంటుంది, వేడి గదంతా పరచుకుంటుంది.

దీని సెన్సర్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లోపం పైకి కనిపించదు. యంత్రం 52 శాతం చూపిస్తున్నప్పుడు టెంటులో వేలాడదీసిన రెండు హైగ్రోమీటర్లలో (తేమను కొలిచే పరికరాల్లో) ఒకటి 56, రెండవది 64 చూపించాయి. ఏది నిజమో తేల్చుకోవడానికి ఉప్పు పరీక్ష చేశాను. ఒక సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు చుక్కలు చుక్కలుగా నీరు కలిపి, హైగ్రోమీటర్లతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి పన్నెండు గంటలు కదపకుండా ఉంచాలి. సంతృప్త ఉప్పు ద్రావణం మీద ఉండే గాలిలో తేమ 25 డిగ్రీల దగ్గర 75 శాతం వద్ద స్థిరపడుతుంది. అది ప్రకృతి ఇచ్చిన కొలబద్ద. డబ్బా తెరిస్తే ఒకటి 71, ఇంకొకటి 79 చూపిస్తున్నాయి. ఆ తేడాలను చిన్న కాగితం మీద రాసి వాటికే అంటించాను. ఆ లెక్కన టెంటులో ఉన్న అసలు తేమ 60 శాతం. యంత్రం ఎనిమిది తక్కువ చెబుతోంది. సెన్సర్ యంత్రం ఒంట్లోనే వేడెక్కే భాగం పక్కన ఉంది, వేడెక్కిన గాలి ఎప్పుడూ అసలు కంటే పొడిగా కనిపిస్తుంది. అందువల్ల 55 కావాలంటే ప్యానెల్ మీద 47కు దగ్గరగా పెట్టాలి, కానీ అది ఐదు ఐదుగానే మారుతుంది కనుక 45 పెడుతున్నాను.

ఇంకొక చికాకు కూడా ఉంది. అనుకున్న తేమ రాగానే కంప్రెసర్ ఆగుతుంది గాని, గాలిని పరీక్షించడానికి లోపలి ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆవిరి నీరుగా మారే చల్లని తీగచుట్ట మీద ఇంకా అంటుకుని ఉన్న నీటిని ఆ ఫ్యాన్ మళ్ళీ గాలిలోకే ఊదుతుంది. పది నిమిషాల్లో తేమ మూడు శాతం పెరగడం నేను చాలాసార్లు గమనించాను. కష్టపడి తీసిన నీటిలో కొంత ఇలా వెనక్కి పోవడం చిన్న రూపకల్పన లోపమే, కానీ కంప్రెసర్‌తో పాటు ఫ్యాన్ కూడా ఆగే యంత్రాలు ఉన్నప్పుడు దీన్ని ఉపేక్షించనక్కరలేదు.

అన్నిటికంటే నన్ను బాధించింది కరెంటు సంగతి. కరెంటు పోయి వస్తే ఈ యంత్రం పెట్టిన అంకెను మరచిపోయి, ఎవరైనా వచ్చి బటన్ నొక్కే దాకా నిద్రావస్థలోనే ఉంటుంది. బయటి తేమ నియంత్రికకు (తేమను బట్టి యంత్రానికి కరెంటు ఇచ్చే, ఆపే పరికరానికి) తగిలించి సరైన సెన్సర్‌తో నడిపిద్దామన్నా ఇదే అడ్డం. నియంత్రిక కరెంటు ఇచ్చినా యంత్రం మేలుకోదు. యంత్రంలోని టైమర్ ఒక్కసారి ఆపడానికే గాని, రోజూ అదే వేళకు మొదలుపెట్టడానికి పనికిరాదు. అమ్మినవారిని అడిగితే అది భద్రత కోసం చేసిన ఏర్పాటని జవాబు వచ్చింది. కంప్రెసర్ ఆగిన వెంటనే తిరిగి మొదలవకుండా మూడు నిమిషాలు ఆగడం భద్రత; ఆ మూడు నిమిషాల తర్వాత కూడా మొదలవకపోవడాన్ని నేను భద్రత అనలేను. ఒక రాత్రి పది నిమిషాలు కరెంటు పోయింది. తెల్లవారి టెంటు తెరిచి చూస్తే 88 శాతం. ఆకుల అంచుల మీద మళ్ళీ ఆ చుక్కలే.

తేమ పెరిగే ఘడియ దీపం ఆరినప్పుడే అని కొత్తగా మొదలుపెట్టినవారు గుర్తించరు. 25 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు 13.8 గ్రాముల ఆవిరి ఉంటుంది. దీపం ఆరి టెంటు 18 డిగ్రీలకు చల్లబడితే, ఆ గాలి పట్టుకోగలిగేది 15.4 గ్రాములే కనుక, ఒక్క చుక్క కొత్త నీరు చేరకుండానే తేమ 90 శాతం అవుతుంది. అందువల్ల దీపం ఆరడానికి గంట ముందు నుంచి యంత్రం ఆపకుండా నడిచేలా చేస్తాను, నీరు పొద్దున్నే పోస్తాను, రాత్రంతా ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను తక్కువ వేగంతో వదిలేస్తాను.

ఆ ఫ్యాన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, డీహ్యూమిడిఫయర్ కొన్నవారు దాన్ని చిన్నచూపు చూస్తుంటారు కాబట్టి. బయట 15 డిగ్రీల చలి, 90 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో ఉండే ఆవిరి 11.5 గ్రాములే, అంటే టెంటులో ఉన్న 13.8 కంటే తక్కువే. గంటకు వంద ఘనపు మీటర్ల గాలిని బయటికి తోసే ఫ్యాన్ అటువంటి రోజున గంటకు 230 గ్రాముల నీటిని తీసుకుపోతుంది. నా యంత్రం చేసే పనికి అది ఏమాత్రం తక్కువ కాదు. ఆ రోజుల్లో ఫ్యాన్ గొట్టాన్ని బయటికి పెట్టి యంత్రం ఆపేస్తాను. బయట వేడి, తేమ రెండూ ఉన్న రోజుల్లో మాత్రం గొట్టాన్ని గదిలోకే తిప్పి, తలుపు మూసి, యంత్రం నడుపుతాను. గొట్టం బయటికి ఉండగా యంత్రాన్ని కూడా నడిపితే, ఆరబెట్టిన గాలిని అప్పటికప్పుడు బయట పారబోస్తున్నట్టే.

యంత్రం వెనుక తగిలించే నీటి గొట్టం ఏటవాలుగా కిందికి పోయేలా అమర్చుకోవాలి. లేకపోతే రెండు లీటర్ల ట్యాంకు పది గంటల్లో నిండి, సరిగ్గా అవసరమైన వేళకు యంత్రం ఆగిపోతుంది. వడపోత జాలీని రెండు వారాలకొకసారి కడుగుతున్నాను. చప్పుడు పక్క గదిలో నిద్రకు అడ్డు రాదు. గది 15 డిగ్రీలకు చేరిన రాత్రుల్లో తీగచుట్ట మీద మంచు కట్టి, అది కరిగే దాకా పని ఆగుతోంది. అంతకంటే చల్లని గదులకు, తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకమే మేలు.

తేమను 45 శాతం కంటే కిందికి లాగాలని మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. మరీ పొడి గాలిలో ఆకులు ముడుచుకుంటాయి, ఎర్రనల్లి అనే రసం పీల్చే పురుగుకు అది అనుకూలం. మరీ తేమ ఉంటే పుప్పొడి ముద్ద కట్టి రాలదు, కాయలు నిలవవు. మొలకల దశలో నాకు ఈ యంత్రం అవసరమే రాలేదు. 70 శాతం వాటికి హాయిగా ఉంటుంది.

మళ్ళీ కొనవలసి వస్తే ఇదే సామర్థ్యంలో, తిప్పే మీట ఉన్న యంత్రాన్ని తీసుకుంటాను. మీట తిప్పిన చోటే ఉంటుంది కనుక కరెంటు రాగానే అది మొదలవుతుంది, బయటి నియంత్రికకు లొంగుతుంది. ఏ యంత్రం తెచ్చుకున్నా, వాపసు ఇచ్చే గడువు ముగియకముందే దాన్ని నడుస్తుండగా ప్లగ్గు తీసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టి, చేయి వేయకుండా మరో ఐదు నిమిషాలు చూడండి. కంప్రెసర్ మొదలైన చప్పుడు వినిపించకపోతే పెట్టెలో సర్ది వెనక్కి పంపండి.