మా రెండడుగుల ట్యాంకులో నాలుగేళ్ళు

2021 ఆగస్టులో కొన్నాం ఈ చేపల ట్యాంకు. హైదరాబాద్ నిజాంపేటలో మా ఫ్లాటు హాల్లో, టీవీకి పక్కగా ఉంటుంది. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. షాపులో 70 లీటర్లన్నారు గానీ అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ పోను నిజంగా పట్టేది 60 లీటర్లే. అప్పుడు మా పాపకు ఏడేళ్ళు, బాబుకు నాలుగు. ఈ నాలుగేళ్ళలో ఆ 60 లీటర్లలోకి ఏయే చేపలు వచ్చాయో, ఏవి నిలిచాయో, ఏవి నా తెలివితక్కువతనానికి బలయ్యాయో రాస్తున్నాను. ట్యాంకు కంపెనీ, ఫిల్టరు కంపెనీ ఏదైనా పెద్ద తేడా లేదు. తేడా అంతా చేపల ఎంపికలోనే ఉంది.

మొదటి రోజు అందరూ చేసే పనే మేమూ చేశాం. ట్యాంకు, ఫిల్టరు, నీలం రంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, వాటితోపాటే ఐదు గోల్డ్‌ఫిష్‌లు, అన్నీ ఒకేసారి కొనుక్కొచ్చాం. "నీళ్ళల్లో ఈ మందు నాలుగు చుక్కలు వెయ్యండి సార్, ఏం కాదు" అన్నాడు షాపతను. నాలుగు రోజులు నిజంగానే ఏం కాలేదు. ఐదో రోజు పొద్దున్నే చూస్తే అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గుటకలేస్తున్నాయి. సాయంత్రానికి మూడు పోయాయి. బాల్కనీలో కరివేపాకు కుండీలో పాతిపెట్టాం. పాప రెండు రోజులు కరివేపాకు వేసిన పప్పు ముట్టలేదు.

షాపుకి ఫోన్ చేస్తే ఇంకో మందు చెప్పారు. అప్పుడు మా అమ్మ అంది, "మీ బాబాయిని అడగరాదూ, ముప్పై ఏళ్ళుగా చేపల్లోనే ఉన్నాడు కదా" అని. మా బాబాయికి ఆకివీడు దగ్గర చెరువులున్నాయి. అద్దాల పెట్టె గురించి ఆయనకేం తెలుస్తుందని నేను ముందు అడగలేదు. అడిగాక తెలిసింది, అడగాల్సింది ఆయన్నేనని.

"చెరువుకి నీళ్ళు పెట్టిన రోజే పిల్ల వదిలేస్తామేంట్రా?" అన్నాడు. "నీళ్ళు తయారవ్వాలి. పైకొచ్చి గుటకలేస్తున్నాయంటే ఆక్సిజనన్నా తగ్గుండాలి, అమ్మోనియా అన్నా పెరిగుండాలి. గాలి మోటారు ఆడుతోందంటున్నావు కాబట్టి అమ్మోనియా చూడు."

నీళ్ళలో అమ్మోనియా ఎంతుందో చూసే కిట్టు తెప్పించి చూస్తే పసుపు రావాల్సిన గొట్టం ముదురు ఆకుపచ్చకు తిరిగింది. సంగతేమిటంటే, చేప విసర్జించేది, తినగా మిగిలిన మేత కుళ్ళేది అంతా అమ్మోనియా అవుతుంది. ఫిల్టరు స్పాంజిలో చేరే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది చాలావరకు తట్టుకోగలదు, వారం వారం కాస్త నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో అది ఉండదు. ఏ మందు సీసా ఆ ఆరు వారాల పనిని నాలుగు చుక్కల్లో చెయ్యదు. పైగా హైదరాబాద్ బోరు నీళ్ళలాంటి, పీహెచ్ (క్షారగుణం) ఎక్కువున్న నీళ్ళలో అదే అమ్మోనియా ఇంకా ప్రమాదం.

మిగిలిన రెండు గోల్డ్‌ఫిష్‌లను పెద్ద ట్యాంకున్న ఒక స్నేహితుడికి ఇచ్చేశాం. గోల్డ్‌ఫిష్ మీద నా అభిప్రాయం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. మొదటిసారి పెంచేవాళ్ళు అందరికంటే ముందు కొనేది అదే, కొనకూడనిదీ అదే. షాపులో బొటనవేలంత ఉంటుంది, సరిగ్గా పెంచితే అరచేతిని దాటిపోతుంది, పదేళ్ళకు పైగా బతుకుతుంది. బాబాయి మాటల్లో చెప్పాలంటే "అది మన బొచ్చెకి, శీలావతికి చుట్టమేరా, అద్దాల పెట్టెలో ఎట్టా పెంచుతావు?" నిజమే, మూడూ కార్ప్ కుటుంబానివే. వీటికి మనలా పొట్ట ఉండదు, తిన్నది పేగులోంచి అలా సాగిపోతూనే ఉంటుంది. అందుకే ఎప్పుడూ ఆకలే, ఎప్పుడూ విసర్జనే. 60 లీటర్లలో ఐదు గోల్డ్‌ఫిష్‌లంటే సింగిల్ బెడ్రూంలో పెళ్ళివారిని దింపినట్టు. గుండ్రటి గాజు గిన్నెలో పెట్టి అమ్మేవాళ్ళ గురించి ఇక మాట్లాడను.

తర్వాత ఆరు వారాలు చేపల్లేని ట్యాంకును నడిపాం. రోజూ చిటికెడు మేత వెయ్యడం, మధ్యమధ్య కిట్టుతో చూడటం. వచ్చిన చుట్టాలంతా ఖాళీ నీళ్ళను చూసి జాలిపడ్డారు. "ఇంకెన్ని రోజులు నాన్నా" అని పాప క్యాలెండరు మీద గీతలు పెట్టేది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగిన రోజే షాపుకి వెళ్ళాం.

ఈసారి వెళ్ళేముందు ఇంకో పని చేశాం. మా నీళ్ళు ఎలాంటివో చూసుకున్నాం. పరీక్ష కూడా అక్కర్లేదు నిజానికి. కుళాయిల మీద తెల్లటి మచ్చలు, గీజరులో సున్నం పేరుకోవడం చూస్తేనే తెలుస్తుంది, గట్టి నీళ్ళు. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు బోరు నీటికి 700 పైన చూపించింది. మంజీరా నీళ్ళు వచ్చే రోజు నయం, కానీ క్లోరిన్ ఉంటుంది, బకెట్లో పట్టి ఒక రోజు ఉంచి వాడతాను. షాపులో అందం చూసి చేపను ఎంచుకుంటే, ఆ తర్వాత జీవితమంతా మన నీళ్ళను దానికోసం మార్చుకుంటూ కూర్చోవాలి. మన కుళాయి నీళ్ళకు సరిపడే చేపను తెచ్చుకుంటే సగం టెన్షన్ ఉండదు.

ఇది తెలిసి కూడా ఒకసారి తప్పు చేశాను. నియాన్ టెట్రాలు. చీకటి గదిలో ట్యాంకు లైటు కింద ఆ నీలం గీత, ఎరుపు గీత చూస్తే ఎవరైనా పడిపోతారు. అవి అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ళ, అంటే సున్నం లాంటివి తక్కువుండే నీళ్ళ చేపలు. ఎనిమిది తెస్తే రెండు నెలల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆర్వో నీళ్ళు కలిపి పెంచేవాళ్ళున్నారు, వాళ్ళ ఓపికకి దండం. నేను మళ్ళీ తేలేదు.

మా నీళ్ళకు సరిగ్గా సరిపోయింది ప్లాటీ. ఎరుపు, నారింజ, పసుపు, ఎన్నో రంగుల్లో దొరుకుతాయి. రెండు, రెండున్నర అంగుళాలకు మించవు, దేనితోనూ పోట్లాటకు వెళ్ళవు, గట్టి నీళ్ళంటే ఇష్టం. మోలీలకూ అంతే గానీ కాస్త పెద్దవి, 60 లీటర్లకు ప్లాటీయే మేలనిపించింది. మొదట తెచ్చిన నాలుగు ప్లాటీలు ఇప్పుడు లేవు, వాటి మనవలో మునిమనవలో ఉన్నాయి. మా బాబు మొదటిసారి పిల్లచేప పుట్టడం చూసింది ప్లాటీ దగ్గరే. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. "గుడ్డు లేకుండా ఎలా?" అని వాడు వేసిన ప్రశ్నలకు మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది, జవాబులు నా మీద పడ్డాయి.

గప్పీల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రంగురంగుల తోకలు, ధర తక్కువ, మన నీళ్ళలో హాయిగా బతుకుతాయి. రెండు మగవి, మూడు ఆడవి తెచ్చాం. నెలకోసారి పిల్లలు. పెద్ద చేపలు కొన్నిటిని తినేస్తాయి, అయినా ఆరు నెలలకు నలభై దాటాయి. పాప పేర్లు పెట్టడం మానేసింది. మగవాటిని వేరుచేస్తే ఆగుతుందనుకున్నాను. ఆడ గప్పీ ఒకసారి జతకట్టాక ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని నెలల తరబడి కంటూనే ఉంటుందని అప్పటికి తెలియదు. అపార్ట్‌మెంటులో అడిగిన వాళ్ళందరికీ సీసాల్లో పంచాను, చివరికి అడగని వాళ్ళకు కూడా. ఇప్పుడు మా దగ్గర మగ గప్పీలు మాత్రమే ఆరు ఉన్నాయి. రంగులన్నీ మగవాటికే కాబట్టి అందానికి లోటేం లేదు. మొదటే ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే బావుండేది.

ఎక్కువైనవాటిని చెరువులో వదిలేద్దామని పక్కింటాయన సలహా. వద్దు. దోమల కోసం మున్సిపాలిటీవాళ్ళు గంబూసియా చేపలను వదులుతారు కదా అంటారు, అది వేరే సంగతి. ఇంట్లో పెంచిన చేపను చెరువులో వదిలితే ఏమవుతుందో సక్కర్ చేపను చూస్తే తెలుస్తుంది. నాచు తింటుందని షాపులో అంటగడతారు దాన్ని. మాకూ అంటగట్టారు, రెండంగుళాలది. ఏడాదిన్నరకు తొమ్మిదంగుళాలైంది. నాచు తిన్నదానికంటే విసర్జించిందే ఎక్కువ, రాత్రిపూట మొక్కలన్నీ పీకి పెట్టేది. బాబాయికి ఫొటో పంపితే ఆయన తిట్లు ఇక్కడ రాయలేను. ఈ జాతి చేపలే ఆంధ్రలో చెరువుల్లోకి చేరి ఆక్వా రైతుల ప్రాణం తీస్తున్నాయి, డెవిల్ ఫిష్ అంటారు. బతిమాలితే తెచ్చిన షాపే వెనక్కి తీసుకుంది, డబ్బులేం ఇవ్వలేదు. ఇప్పుడు అద్దం మీద నాచు గీకడానికి పాత ఏటీఎం కార్డు వాడుతున్నాను. సక్కర్ కంటే బాగా పనిచేస్తుంది, మేత అడగదు.

బెట్టా, అదే ఫైటర్ చేప, ఒకటి తెచ్చాం, గప్పీల తోకలు కొరికేసింది. దానికి విడిగా చిన్న ట్యాంకు కావాలి, అంతే.

అన్నిటికంటే నాకు నచ్చింది, షాపులో ఎవరూ పట్టించుకోనిది, జీబ్రా డానియో. మన దేశపు వాగుల చేపే. ఒంటి మీద పొడుగునా నీలం చారలు, రెండంగుళాల లోపే. కనీసం ఆరైనా ఉండాలి, అప్పుడే గుంపుగా ట్యాంకు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగులు పెడతాయి. రెండో మూడో తెస్తే ఒకదాన్నొకటి తరుముకుంటాయి. డిసెంబరులో రాత్రిళ్ళు చలి ముదిరినా హీటరు లేకుండా తట్టుకున్నవి ఇవే. అదే జనవరిలో గప్పీలకు తెల్లమచ్చల జబ్బు వచ్చింది, పంచదార చల్లినట్టు ఒళ్ళంతా చుక్కలు. హీటరు కొని, నీటి వేడి మెల్లగా 30 డిగ్రీలకు పెంచి, కల్లుప్పు కరిగించి పోసి రెండు వారాలు కాపాడుకున్నాం. డానియోలకు ఒక్క లోపం, ఎగురుతాయి. మూత పెట్టడం మర్చిపోయిన రాత్రి ఒకటి సోఫా కింద దొరికింది.

మే నెలలో నీళ్ళు 32 దాటితే మూత తీసి జాలీ వేసి పక్కన టేబుల్ ఫ్యాను పెడతాను, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోతే ఫిల్టరు ఇన్వర్టరు మీదే నడుస్తుంది, పది వాట్లు కూడా లాగదు. ఊరెళ్ళడమే అసలు పరీక్ష. ఒక సంక్రాంతికి ఐదు రోజులు వెళ్తూ, తెలిసినవాళ్ళకి తాళమిచ్చి మేత వెయ్యమన్నాం. పాపం, పస్తులుంటాయేమోనని పూటకో గుప్పెడు వేశారు. వచ్చేసరికి నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి, నాలుగు చేపలు పోయాయి. పెద్ద చేపలు వారం పాటు మేత లేకుండా ఉండగలవు. అప్పటినుంచి ఎవరికీ తాళం ఇవ్వడం లేదు.

వారానికోసారి ఆదివారం 15 లీటర్లు తీసి కొత్తవి పోస్తాను, అరగంట పని. స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండుతాను. కుళాయి కింద కడిగితే పెంచుకున్న బ్యాక్టీరియా పోతుంది. తీసిన నీళ్ళు కరివేపాకు కుండీకి. అది మాత్రం ఏపుగా పెరిగింది. "కూర వండుకోని చేపకి ఇంత చాకిరీనా" అని అమ్మ అంటూనే, మేత వేసే పని మాత్రం ఎవరికీ వదలదు.

ప్రస్తుతం ట్యాంకులో ఎనిమిది డానియోలు, ఐదు ప్లాటీలు, ఆరు మగ గప్పీలు. డానియోల్లో మూడు 2021వి. 60 లీటర్లకు ఇదే ఎక్కువని బాబాయి లెక్క, అందుకే కొత్తవి తేవడం ఆపేశాం. బాబు ఇప్పుడు బెట్టా కావాలని మళ్ళీ మొదలెట్టాడు. వాడికోసం అడుగున్నర ట్యాంకు ఒకటి బేరమాడి తెచ్చి, మా ఫిల్టరులోంచి సగం స్పాంజి కోసి అందులో పెట్టాను. నీళ్ళు తయారవుతున్నాయి. క్యాలెండరు మీద గీతలు ఈసారి వాడు పెడుతున్నాడు.