త్రీడీ శిల్పాలకు మెష్‌రూమ్: ఇసుకరాయికి భేష్, నున్నటి నల్లరాయికి కష్టమే

గుడి గోడ మీది శిల్పాన్ని పర్యాటకులు ఫోన్‌లో తిప్పి చూసుకునేలా త్రీడీ నమూనా చేయాలంటే లేజర్ స్కానరే కొనక్కర్లేదు. ఫొటోల నుంచి త్రీడీ నమూనా కట్టే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మెష్‌రూమ్ ఉచితం, ఓపెన్ సోర్స్. ఫొటోలన్నీ అందులో పడేసి స్టార్ట్ నొక్కితే, ఏది ఎక్కణ్నుంచి తీసిందో లెక్కగట్టి రూపాన్ని తానే కడుతుంది. ఒక్క మెలిక: డెప్త్‌మ్యాప్ దశకు, అంటే ప్రతి ఫొటోలో ఏ భాగం ఎంత దూరంలో ఉందో లెక్కగట్టడానికి, క్యూడా (ఎన్విడియా కార్డు మీద లెక్కలు నడిపే పద్ధతి) ఉన్న ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. అది లేకపోతే డ్రాఫ్ట్ మెష్‌తో, అంటే ముతక నమూనాతో సరిపెట్టుకోవాలి. అందులో ముక్కూ మూతీ తేలవు.

మనిషెత్తు శిల్పానికి 80 నుంచి 120 ఫొటోలు చాలు. మోకాలు, ఛాతీ, తల ఎత్తుల్లో మూడు వరుసలుగా, పక్కపక్క ఫొటోల్లో 70 శాతం ఒకే భాగం వచ్చేలా తీయాలి. ఒకేచోట నిలబడి కెమెరా తిప్పితే లోతు అందదు, అడుగు జరగాల్సిందే. జూమ్, పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే ఎగ్జిఫ్ వివరాలు (ఫొటోతోపాటు ఫైలులో దాగే కెమెరా, లెన్సు సమాచారం) పోతాయి. లెన్సు సంగతి తెలియక మెష్‌రూమ్ అంచనాతో నెట్టుకొస్తుంది, నమూనా వంకర పోవచ్చు. డాక్యుమెంట్‌గా పంపితే ఈ గొడవ లేదు.

అసలు పరీక్ష రామప్పలో. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ గుడి గోడల ఇసుకరాయి గరుకుగా, మచ్చలతో ఉంటుంది. పోల్చుకోవడానికి కావలసినన్ని గుర్తులు. చూరు కింది మదనికలు (స్త్రీ శిల్పాలు) మాత్రం అద్దంలా నునుపు చేసిన డోలరైట్ అనే నల్లరాయి. మెరుపు రాయిని అంటిపెట్టుకుని ఉండదు, కెమెరాతోపాటే జరుగుతుంది. మెష్‌రూమ్ దాన్నే రాతి మీది గుర్తనుకుంటుంది. ఫలితం: తొడ మీద గుంతలు, నడుము దగ్గర చిల్లులు. ఫొటోలు రెట్టింపు చేసినా ఇది పోదు. మబ్బు పట్టిన రోజు తీస్తే కొంత నయం. పూర్తిగా పోవాలంటే ఫ్లాష్‌కు పోలరైజింగ్ ఫిల్మ్, లెన్సుకు పోలరైజర్ (రెండూ కాంతిని ఒకే దిశలో కంపించేలా వడగట్టేవే) తగిలించి, మెరుపు మాయమయ్యేదాకా లెన్సు మీదిదాన్ని తిప్పాలి. ఫ్లాష్‌కూ ట్రైపాడ్‌కూ ముందే అనుమతి అడగండి.

పైగా మదనికలు ఎత్తున ఉంటాయి. కింద నుంచి తీస్తే నడినెత్తి రాదు. ఆ ఖాళీని మెష్‌రూమ్ తోచినట్టు పూడ్చేస్తుంది. ఆ పూడికను శిల్పి పనితనంగా జనానికి చూపించడం మోసమే. కోసి తీసేయండి, లేదా వేరే రంగులో చూపండి.

కొలతలు కూడా వాటంతటవి రావు. సీసీట్యాగ్ గుర్తులను (మెష్‌రూమ్ గుర్తుపట్టే వలయాల బొమ్మలు) ముద్రించి, మధ్య దూరం కొలిచి శిల్పం పక్కన పెట్టాలి. మెష్‌రూమ్‌లో ఒక్కో పనికి ఒక్కో పెట్టె (నోడ్) ఉంటుంది. ఫీచర్ ఎక్స్‌ట్రాక్షన్‌ నోడ్‌లో సీసీట్యాగ్3 ఎంచుకుని, ఎస్ఎఫ్ఎమ్ ట్రాన్స్‌ఫార్మ్ నోడ్‌లో వాటి స్థానాలు ఇవ్వాలి.

చివరికొచ్చే ఫైలులో లక్షలాది త్రిభుజాలుంటాయి, మామూలు ఫోన్ మోయలేదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాలు తగ్గించే డెసిమేట్‌తో లక్షకు తగ్గించి, టెక్స్చర్‌ను (పైన అంటించే రంగుల బొమ్మను) 2048 పిక్సెళ్లకు దించి, జీఎల్‌బీ (త్రీడీ నమూనాల ఫైలు రకం) గా దాచితే సరిపోతుంది. పెద్ద ఫైలునూ అసలు ఫొటోలనూ పారేయకండి, రేపు కొత్త వెర్షన్‌లో వాటినే మళ్లీ నడపొచ్చు.