బలాల సమీకరణాలా, శక్తి నిత్యత్వమా?

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షల్లో యాంత్రిక శాస్త్ర సమస్యకు న్యూటన్ రెండో నియమం వాడాలా, శక్తి నిత్యత్వం వాడాలా అన్నది అడిగిన రాశిని బట్టి తేల్చుకోవాలి. నిశ్చల స్థితి నుంచి బయలుదేరి, 7 మీటర్ల ఎత్తున్న వాలు తలంపై జారకుండా దొర్లుతూ దిగే ఘన గోళం అడుగున పొందే వడిని అడిగితే, శక్తి మార్గంలో ఒక్క సమీకరణం చాలు. మొత్తం గతిజ శక్తిలో 2/7 వంతు భ్రమణానిది కనుక, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే వడి సెకనుకు 10 మీటర్లు వస్తుంది. వాలు కోణం తెలియనవసరమే లేదు.

ఘర్షణ ఉంది కాబట్టి శక్తి నిత్యత్వం వర్తించదేమోనని చాలామంది వెనుకాడతారు. గోళం తలాన్ని తాకే బిందువు ఆ క్షణంలో నిశ్చలంగా ఉంటుంది కనుక స్థైతిక ఘర్షణ యాంత్రిక శక్తిని హరించదు. ఈ ఒక్క విషయాన్ని విద్యార్థి నిదానంగా ఆలోచించి ఒప్పుకోవాలని నా కోరిక.

బలాల మార్గం దీర్ఘమైనది: తలం వెంబడి బలాలకు ఒకటి, టార్కుకు (బలం కలిగించే తిప్పే ప్రభావానికి) ఒకటి సమీకరణాలు రాయాలి. అయినా జారకుండా దొర్లడానికి కావలసిన కనీస ఘర్షణ గుణకాన్ని అడిగితే అదే సరైన దారి, ఎందుకంటే ఆ గుణకం వాలు కోణపు టాంజెంటులో 2/7 వంతు అన్న సంగతి శక్తి సమీకరణంలో ఎక్కడా కనిపించదు.

దారానికి కట్టి నిలువు వృత్తంలో తిప్పే రాయికి మాత్రం రెండూ కావాలి: పై బిందువు వద్ద కనీస వడిని బలాలు ఇస్తాయి, దాని నుంచి అడుగు బిందువు వద్ద వడిని శక్తి ఇస్తుంది.