స్ప్లిట్ ఫిక్షన్, ఇట్ టేక్స్ టూ: మీ కంప్యూటర్‌కు ఏది?

రెండూ హేజ్‌లైట్ స్టూడియో చేసిన వీడియో గేమ్‌లే, ఇద్దరు కలిసి ఆడాల్సినవే. తెర రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కంప్యూటర్ ఒకేసారి రెండు దృశ్యాలు గీయాలి. అసలు భారమంతా అక్కడే.

2021 నాటి ‘ఇట్ టేక్స్ టూ’కు కంప్యూటర్‌లో దృశ్యాలు గీసే గ్రాఫిక్స్ కార్డు పాత జీటీఎక్స్ 660 అయినా చాలు. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5తో 2025లో వచ్చిన ‘స్ప్లిట్ ఫిక్షన్’కు కనీసం జీటీఎక్స్ 970 కావాలి, సిఫార్సు మాత్రం ఆర్‌టీఎక్స్ 3070.

కొత్తదానిలో ఇద్దరు కథానాయికల్లో మియో ఊహించిన నియాన్ నగరం, జోయీ ఊహించిన డ్రాగన్ల లోకం కళ్లు తిప్పుకోనివ్వవు. దానికోసం కార్డు మార్చినా నష్టం లేదంటాను. అయితే ‘ఇట్ టేక్స్ టూ’ జంటలో కోడీ బంకమట్టి ఒళ్లు, మే చెక్క ఒళ్లు ఇప్పటికీ ఎంత ముద్దుగా ఉన్నాయో! పాత ల్యాప్‌టాప్ ఉంటే నిస్సంకోచంగా అదే ఆడండి. ఆన్‌లైన్‌లో ఆడినా ఇద్దరి తెరలూ చీలే ఉంటాయి, కాబట్టి స్నేహితుడి కంప్యూటర్ సత్తా కూడా ముందే చూసుకోండి.